ఎర్ర గీత పోయింది, ప్రోగ్రాం అర్థమైందా?

(తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థులు, ల్యాబ్ అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. చివర్లో జరిగిన ప్రశ్నోత్తరాల్లో కొంత భాగం కూడా ఇందులో ఉంది.)

అందరికీ నమస్కారం.

జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ల్యాబ్‌లో పిల్లలు చెప్పే మాటలు ఏళ్ల తరబడి వింటున్నాను. శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లు, హాస్టల్లో ఉండేవాళ్లు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు, సొంత లాప్‌టాప్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు. వీళ్లందరి నోటా ఎక్కువగా వినపడే మాట ఒకటే: "మేడమ్, ఎర్ర గీత పోయింది." రాసిన కోడ్‌లో తప్పుంటే ఎడిటర్ దాని కింద గీసే గీత అది. ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో టెన్షన్ అంతా దిగిపోయి ఉంటుంది. ఇక పని అయిపోయినట్టే. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ క్షణం గురించి. ఎర్ర గీత పోయిందంటే, మనం రాసిందాన్ని మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్‌కి ఇక అభ్యంతరం లేదని అర్థం. ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో, మీకు అర్థమైందో లేదో ఆ గీతకు తెలియదు.

ఐడీఈ అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాయడం, కంపైల్ చేయడం, నడపడం, తప్పు వెతకడం అన్నీ ఒకేచోట జరిగే సాఫ్ట్‌వేర్. మీలో చాలామంది మొదట చూసిన ఐడీఈ టర్బో సి నీలం తెర అయ్యుంటుంది. ఆ తెరలో మెనూ, ఎడిటర్ తప్ప పెద్దగా ఏమీ కనపడవు. అక్కడి నుంచి సరాసరి ఎక్లిప్స్ అనే పెద్ద జావా ఐడీఈలోకి వచ్చిన పిల్లవాడికి ఎడమవైపు ఒక కిటికీ, కుడివైపు ఒకటి, కింద నాలుగైదు ట్యాబులు, పైన వరసగా బొమ్మల బటన్లు ఒక్కసారిగా కనపడితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. తెరవగానే అది వర్క్‌స్పేస్ ఎక్కడ అని అడుగుతుంది. వర్క్‌స్పేస్ అంటే మన ప్రోగ్రాంలు దాచే ఫోల్డర్ అని ఎవరూ చెప్పలేదు కాబట్టి సరే అని నొక్కేస్తారు. మరుసటి వారం ఇంకో మెషీన్ మీద కూర్చుంటే పోయిన వారం రాసిన ప్రోగ్రాం కనపడదు.

ఈ పనిముట్ల పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అందులో మీలాంటి విద్యార్థులే ఉన్నారు. జావా 1995లో లోకానికి తెలిసింది. ఆ మరుసటి ఏడాదే, 1996లో, ప్రాగ్ నగరంలోని చార్లెస్ యూనివర్సిటీలో కొందరు విద్యార్థులు జెల్ఫీ అనే పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. మీరు ఈ రోజు వాడే నెట్‌బీన్స్ ఐడీఈ అదే. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొన్నది, ఇప్పుడు అది అపాచీ సంస్థ దగ్గర ఉంది. ఎక్లిప్స్‌ని ఐబీఎం తయారుచేసి 2001లో అందరికీ ఉచితంగా వదిలింది. ఇంకో ఐడీఈ ఇంటెలిజె ఐడియా మొదటి వెర్షన్ కూడా 2001లోనే వచ్చింది. ఇవన్నీ రోజంతా కోడ్ రాసే ఉద్యోగుల కోసం తయారైనవి. వాళ్లకు జావా వచ్చు, వేగం కావాలి. ఈ లెక్కలోకి రానిది బ్లూజే. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీలో మైకేల్ కోలింగ్, జాన్ రోజెన్‌బర్గ్ దాన్ని ప్రత్యేకంగా నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేశారు, 1999లో బయటికి వచ్చింది. దాని గురించి కాసేపట్లో మళ్లీ చెబుతాను.

మన కాలేజీల్లో ఒక పాత వాదన ఉంది, స్టాఫ్ రూముల్లో మీరు వినే ఉంటారు. నోట్‌ప్యాడ్‌లో రాసి కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైలర్‌ని నడిపే జావాసీ కమాండ్ కొడితేనే జావా వస్తుంది, ఐడీఈ ఇస్తే పిల్లలు సోమరులవుతారు అని ఒక వర్గం. బయట కంపెనీల్లో అందరూ ఐడీఈలే వాడతారు, మనం ఇంకా నోట్‌ప్యాడ్ అంటే ఎలా అని ఇంకో వర్గం. రెండు వైపులా నిజం ఉంది. కానీ రెండు వర్గాలూ ఐడీఈని టైపింగ్ సాయంగానే చూస్తున్నాయి. ఒకరికి ఆ సాయం ఎక్కువైంది, ఇంకొకరికి కావాలి. ఐడీఈలో నేర్చుకునేవాడికి నిజంగా పనికొచ్చే భాగం వేరే ఉంది. నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి దాని లోపల ఏముందో చూపించగలగడం. మన పిల్లలు అసలు ముట్టుకోని భాగం అదే. తప్పు వెతికే డీబగ్ బటన్ మీద పురుగు బొమ్మ ఉంటుంది. అది ఎందుకుందో అడిగితే క్లాసు మొత్తం నిశ్శబ్దం.

ముందు నోట్‌ప్యాడ్ సంగతి తేల్చేస్తాను. మొదటి కొన్ని ల్యాబుల్లో కమాండ్ ప్రాంప్ట్ ఉండాలనే నా అభిప్రాయం. ఎందుకంటే మనం రాసే డాట్ జావా ఫైల్ వేరు, కంపైలర్ ఇచ్చే డాట్ క్లాస్ ఫైల్ వేరు, కంపైల్ చేయడం ఒక పని, నడపడం ఇంకో పని అన్నది కళ్లతో చూడాలి. ఐడీఈలో పచ్చ బాణం నొక్కితే ఈ రెండూ ఒక్కటైపోతాయి. తర్వాత ఎప్పుడో క్లాస్ దొరకలేదని ఎర్రర్ వస్తే, ఆ క్లాస్ ఫైల్ ఎక్కడ పుడుతుందో తెలియనివాడికి దిక్కు తోచదు. జావాసీ అనేది గుర్తించలేని కమాండ్ అని విండోస్ చెప్పినప్పుడు, కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్ అంటే ఏమిటో, జావా పనిముట్ల కట్ట అయిన జేడీకేలో బిన్ ఫోల్డర్‌ని అందులో ఎందుకు చేర్చాలో ఒకసారి స్వయంగా చేసినవాడు జన్మలో మర్చిపోడు. ఆ అనుభవం అందరికీ ఒకసారి కావాలి. సెమిస్టర్ మొత్తం అదే కావాలనడం మాత్రం పిల్లల సమయాన్ని పాడుచేయడమే.

ఇక ఎర్రర్ మెసేజీలు. ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. వేరియబుల్ పేరు ఒకచోట టోటల్ అని, ఇంకోచోట ఒక అక్షరం తగ్గించి రాస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైలర్ చాలా మర్యాదగా అన్నీ చెబుతుంది. ఏ ఫైల్లో ఏ లైన్లో తప్పుందో చెబుతుంది, ఆ లైన్ రాసి తప్పున్న చోట కింద ఒక చిన్న బాణం గుర్తు పెడుతుంది, ఏ పేరు దొరకలేదో, ఏ క్లాసులో వెతికిందో చెబుతుంది. పిల్లలు మొదటి లైన్ చూసి ఆగిపోతారు. ఇరవై ఎర్రర్లు వస్తే కిందికి వెళ్లి చివరిదాన్ని చదువుతారు, ఎందుకంటే తెర మీద అదే కనపడుతోంది. ఆ ఇరవైలో చాలావరకు మొదటి తప్పు వల్లే పుట్టి ఉంటాయి. పైకి వెళ్లి మొదటిదాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలన్న చిన్న సంగతి చెబితే ల్యాబ్ సగం ప్రశాంతంగా ఉంటుంది.

ఐడీఈలో ఈ ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది. మెసేజ్ చదవాల్సిన పనే లేకుండా పోతుంది. ఎర్ర గీత మీద మౌస్ పెడితే కింద పరిష్కారాల జాబితా వస్తుంది, అంచులో బల్బు బొమ్మ ఉంటుంది. ఎక్లిప్స్‌లో కంట్రోల్ వన్, ఇంటెలిజెలో ఆల్ట్ ఎంటర్. జాబితాలో మొదటిది నొక్కుతారు. గీత పోతుంది. ఒకమ్మాయి నాతో అంది, "మేడమ్, నేను ఎర్రర్ చదవను, బల్బు బొమ్మ చదువుతాను" అని. చాలా నిజాయితీగా చెప్పింది. ఆ బల్బు వల్ల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

మన ఊళ్లో మినీ ప్రాజెక్టు అంటే గది బుకింగో, దర్శనం టోకెనో, లడ్డూ కౌంటరో. అందుకే లడ్డూ కౌంటరే తీసుకుందాం. లడ్డూకౌంటర్ అని ఒక క్లాస్, అంటే కౌంటర్ ఎలా ఉండాలో చెప్పే నమూనా. అందులో మిగిలినవి అని ఒక ఫీల్డ్, అంటే లెక్క దాచుకునే చోటు. కౌంటర్ తెరిచేటప్పుడు ఎన్ని లడ్డూలున్నాయో కన్‌స్ట్రక్టర్‌లో, అంటే కౌంటర్ పుట్టేటప్పుడు నడిచే కోడ్‌లో, ఇస్తాం. అమ్ము అని ఒక మెథడ్, ఎన్ని అమ్మితే మిగిలినవాటిలోంచి అన్ని తీసేస్తుంది. ఇక్కడి దాకా అందరూ బాగా రాస్తారు. తర్వాత అదే క్లాసులో, ప్రోగ్రాం మొదలయ్యే చోటైన మెయిన్ రాస్తారు. మెయిన్‌లో, ఏ కౌంటరో చెప్పకుండా, నేరుగా అమ్ము, బ్రాకెట్లో 20 అని రాస్తారు. ఎర్ర గీత వస్తుంది. స్టాటిక్ కాని మెథడ్‌ని స్టాటిక్ చోటు నుంచి పిలవకూడదని మెసేజ్. స్టాటిక్ అంటే ఏ ఒక్క కౌంటరుకీ కాకుండా క్లాస్ మొత్తానికీ చెందినది, మెయిన్ అలాంటిదే. అసలు అది ఎంత మంచి ప్రశ్నో చూడండి. కంపైలర్ అడుగుతున్నది, ఏ కౌంటర్లో అమ్మాలి నాయనా అని. దానికి జవాబు ఆ నమూనా ప్రకారం ఒక కౌంటర్‌ని, అంటే ఒక ఆబ్జెక్ట్‌ని, తయారుచేసి దాని మీద అమ్ము పిలవడం. కానీ బల్బు చూపించే పరిష్కారం, అమ్ము మెథడ్‌ని స్టాటిక్ చెయ్యి. నొక్కుతారు. ఇప్పుడు అమ్ము లోపల మిగిలినవి అన్న ఫీల్డ్ కింద ఎర్ర గీత. మళ్లీ బల్బు. ఫీల్డ్‌ని కూడా స్టాటిక్ చెయ్యి. నొక్కుతారు. గీతలన్నీ పోయాయి.

ఇప్పుడు రెండు కౌంటర్లు తెరుద్దాం. మొదటిదానికి 500 లడ్డూలు, రెండోదానికి 300. మొదటి కౌంటర్లో 20 అమ్ముదాం. మొదటిదాంట్లో 480, రెండోదాంట్లో 300 ఉండాలి. నడిపితే రెండింట్లోనూ 280 అని వస్తుంది. ఎందుకంటే ఇప్పుడు మిగిలినవి అన్నది ఏ కౌంటరుకీ చెందదు, క్లాస్ మొత్తానికీ ఒక్కటే. రెండో కౌంటర్ తెరిచినప్పుడు 500ని చెరిపేసి 300 రాసింది, మొదటి కౌంటర్లో అమ్మింది అందులోంచే పోయింది. ఎక్లిప్స్ ఇక్కడ ఒక పసుపు గీత పెట్టి, స్టాటిక్ మెథడ్‌ని ఆబ్జెక్ట్ ద్వారా పిలుస్తున్నావు అని హెచ్చరిస్తుంది. పసుపుని ఎవరు చూస్తారు? ఎరుపు లేదు కదా. ఆ విద్యార్థి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పరీక్ష పాసవుతాడు. అతను రాసిన క్లాసులో ఆబ్జెక్ట్‌కి ఏ పనీ మిగల్లేదు.

ఇక్కడే బ్లూజే విలువ తెలుస్తుంది. బ్లూజేలో మెయిన్ అక్కర్లేదు. తెర మీద మీ క్లాస్ ఒక పెట్టెలా ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి కొత్త ఆబ్జెక్ట్ అడిగితే, పేరు అడుగుతుంది, ఎన్ని లడ్డూలో అడుగుతుంది, కింద బల్ల మీద ఒక ఎర్రటి పెట్టె వచ్చి కూర్చుంటుంది. ఇంకొకటి అడిగితే పక్కన ఇంకో ఎర్రటి పెట్టె. ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి అమ్ము ఎంచుకుని 20 ఇవ్వండి. రెండు పెట్టెల మీదా డబుల్ క్లిక్ చేసి లోపల చూడండి, ఒకదాంట్లో 480, ఒకదాంట్లో 300. క్లాస్ ఒకటి, ఆబ్జెక్టులు రెండు, దేని లెక్క దానిది. నల్లబల్ల మీద గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ బల్ల మీద ఐదు నిమిషాల్లో ఎక్కడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే ఫీల్డ్‌ని స్టాటిక్ చేసి చూస్తే, ఆబ్జెక్ట్ తెరిచినప్పుడు లోపల ఆ ఫీల్డ్ కనపడదు. స్టాటిక్ ఫీల్డులు చూపించే బటన్ విడిగా ఉంటుంది. ఆ ఖాళీ పెట్టెను చూసిన పిల్లవాడు స్టాటిక్ అన్న మాట ఇంకెప్పుడూ ఊరికే రాయడు.

రెండో ఉదాహరణకు వద్దాం. ఇది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. ఆరు వందల మార్కులకు 540 వచ్చాయి, శాతం కనుక్కోవాలి. మార్కులు ఇంట్, మొత్తం ఇంట్, శాతం డబుల్. ఇంట్ అంటే పూర్ణసంఖ్య, డబుల్ అంటే పాయింట్ ఉన్న సంఖ్య. మార్కులు భాగహారం మొత్తం, ఇంటూ వంద. ఎక్లిప్స్‌లో ఒక్క గీత కూడా లేదు. నడిపితే 0.0. ఇంటెలిజె ఐడియా అయితే ఈ భాగహారం మీద లేతరంగులో ఒక హెచ్చరిక చూపిస్తుంది, అదీ ఎరుపు కాదు కాబట్టి కళ్లకు ఆనదు. ఒకబ్బాయి వచ్చి అన్నాడు, "మేడమ్, ఎర్రర్ ఏమీ లేదు, అయినా సున్నా వస్తా ఉంది. సిస్టమ్ బాగా లేదేమో." పక్క మెషీన్ మీద కూడా ప్రయత్నించాడు. అక్కడా సున్నానే.

ఇలాంటప్పుడు నేను జవాబు చెప్పను, పక్కన కూర్చుని అతని చేతే చేయిస్తాను. శాతం లెక్కకట్టే లైన్ పక్కన, ఎడమ అంచులో డబుల్ క్లిక్. నీలం చుక్క వచ్చింది, అది బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రాం ఆగాల్సిన చోటు. ఇప్పుడు పచ్చ బాణం వద్దు, పురుగు బొమ్మ నొక్కు. ప్రోగ్రాం నడిచి ఆ లైన్ దగ్గర ఆగింది. ఆ లైన్ ఇంకా జరగలేదు, జరగబోతోంది. వేరియబుల్స్ కిటికీలో చూడు, మార్కులు 540, మొత్తం 600. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అంటే ఇన్‌పుట్ తీసుకోవడంలో తప్పు లేదు, అనుమానం ఈ ఒక్క లైన్ మీదే. ఇప్పుడు ఆ లైన్లో మార్కులు భాగహారం మొత్తం అన్నంతవరకు మౌస్‌తో సెలెక్ట్ చేసి, కంట్రోల్ షిఫ్ట్ ఐ నొక్కు. చిన్న పెట్టెలో వచ్చింది: ఇంట్, సున్నా.

ఆ అబ్బాయి ఒక్క నిమిషం దాన్నే చూశాడు. తర్వాత తనే అన్నాడు, "వంద పెట్టి గుణించకముందే సున్నా అయిపోయింది." అవును. రెండు ఇంట్‌లను భాగిస్తే జావా ఇంట్‌నే ఇస్తుంది, పాయింట్ తర్వాతది వదిలేస్తుంది. 0.9 అన్నది సున్నా అయింది. సున్నాని వందతో గుణిస్తే సున్నా. తర్వాత దాన్ని డబుల్‌లో పెడితే 0.0. డబుల్ అని రాశాను కదా అన్నది అతని మొదటి అభ్యంతరం. ఎడమవైపు డబుల్ ఉన్నా, లెక్క కుడివైపున ముందే అయిపోయింది. వంద ముందు పెట్టి గుణిస్తే 90 వచ్చింది, సంతోషించాడు. అప్పుడు మార్కులు 545 ఇవ్వమన్నాను. 90.83 రావాలి, 90.0 వచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. మళ్లీ పురుగు బొమ్మ నొక్కి, మళ్లీ సెలెక్ట్ చేసి చూసుకుని, 100ని 100.0 చేశాడు. నాకు ఆ ల్యాబ్ మొత్తంలో అంతకంటే మంచి క్షణం లేదు.

ఐడీఈ లేకపోయినా ఇది చూడొచ్చు. జావా 9తో పాటు 2017లో జేషెల్ అని ఒకటి వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌లో జేషెల్ అని కొట్టి, 540 స్లాష్ 600 అని రాసి ఎంటర్ నొక్కండి, సున్నా అని చెబుతుంది. క్లాసూ అక్కర్లేదు, మెయినూ అక్కర్లేదు. అనుమానం వచ్చిన ముక్కను విడిగా పరీక్షించుకునే అలవాటుకి ఇంతకంటే తేలికైనది లేదు. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ 2014లో వచ్చిన జావా 8 ఉంది, కాబట్టి జేషెల్ ఉండదు. ఇక్కడున్న అధ్యాపకులకు నా విన్నపం, దయచేసి జేడీకే మార్చించండి. డబ్బు ఖర్చు లేదు. కొత్త వెర్షన్లలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే ఆబ్జెక్టే లేనిచోట దాన్ని వాడబోయిన ఎర్రర్, వచ్చినప్పుడు ఏది నల్ అయిందో కూడా మెసేజ్‌లోనే చెబుతుంది, జావా 8 లైన్ నంబర్ చెప్పి ఊరుకుంటుంది. ఒకే లైన్లో మూడు చుక్కలు పెట్టి మూడు మెథడ్‌లు పిలిచినప్పుడు ఏది నల్లో తెలియక పిల్లలు పడే అవస్థ మీరు చూశారు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో అయితే మొదటి ప్రోగ్రాంకి పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ అంతా రాయక్కర్లేదు, వాయిడ్ మెయిన్ చాలు, పైన క్లాస్ పేరు కూడా అక్కర్లేదు. మొదటి రోజే అర్థం కాని నాలుగు మాటలు బట్టీ పట్టించే బాధ మనకు తప్పుతుంది.

అధ్యాపకుల గురించి మాట వచ్చింది కాబట్టి ఒక పరిశోధన చెప్పాలి. బ్లూజే వాడేవాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల కంపైల్ వివరాలు పేర్లు లేకుండా ఒకచోట చేరతాయి. 2013లో మొదలైన ఆ సేకరణకు బ్లాక్‌బాక్స్ అని పేరు. నీల్ బ్రౌన్, అమ్జద్ అల్తద్మ్రీ అన్న ఇద్దరు ఆ సమాచారాన్ని పట్టుకుని, పిల్లలు ఏ తప్పులు ఎక్కువ చేస్తారని టీచర్లు అనుకుంటున్నారో, నిజంగా ఏవి ఎక్కువ చేస్తున్నారో పోల్చి చూశారు. టీచర్ల అంచనాలు ఒకరితో ఒకరికి సరిగ్గా కలవలేదు, సమాచారంతోనూ కలవలేదు. పాఠం చెప్పిన అనుభవం ఎక్కువ ఉన్నంత మాత్రాన అంచనా మెరుగ్గా లేదు. తర్వాత 2015లో రెండున్నర లక్షల మందికి పైగా విద్యార్థులు చేసిన 3.7 కోట్ల కంపైలేషన్లను చూసి ఇంకో పత్రం ప్రచురించారు. బ్రాకెట్లు, కోట్స్ సరిపోకపోవడం చాలా ఎక్కువగా వచ్చే తప్పు, కానీ పిల్లలు దాన్ని త్వరగానే దిద్దుకుంటారు. రెండు స్ట్రింగులను, అంటే అక్షరాల వరసలను, ఈక్వల్స్ మెథడ్‌తో కాకుండా రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చడం లాంటి తప్పులు మాత్రం చాలాసేపు అలాగే ఉండిపోతాయి.

ఎందుకు ఉండిపోతాయో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. కంపైలర్ దాన్ని తప్పు అనదు. పైగా మోసం చేస్తుంది. ప్రోగ్రాంలోనే రెండుచోట్ల తిరుపతి అని కోట్స్‌లో రాసి పోల్చితే, జావా రెండింటికీ ఒకే ఆబ్జెక్ట్ వాడుకుంటుంది కాబట్టి నిజం అని వస్తుంది. విద్యార్థికి నమ్మకం కుదురుతుంది. తర్వాత కీబోర్డ్ నుంచి చదివే స్కానర్‌తో వాడుకరి దగ్గర తిరుపతి అని తీసుకుని పోల్చితే అబద్ధం అని వస్తుంది. అక్షరాలు అవే, స్పెల్లింగ్ అదే. ఎక్లిప్స్ డీబగ్గర్‌లో ఆపి చూస్తే ప్రతి ఆబ్జెక్ట్ పక్కనా ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది. రెండు స్ట్రింగులకు రెండు వేరే నంబర్లు. రెండు ఈక్వల్ గుర్తులు అడుగుతున్నది ఆ రెండూ ఒకే ఆబ్జెక్టా అని, ఈక్వల్స్ అడుగుతున్నది లోపలి అక్షరాలు ఒకటేనా అని. ఆ నంబర్లు చూసిన తర్వాత ఇంక వేరే వివరణ అడిగినవాళ్లు తక్కువ.

తిరుపతి అన్నాను కాబట్టి, తెలుగు గురించి ఒక ముచ్చట. జావాలో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. మార్కులు, మొత్తం, శాతం అని నిజంగానే తెలుగు లిపిలో రాసి కంపైల్ చేయొచ్చు. పాత వెర్షన్లలో విండోస్ మీద ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి, చెప్పకపోతే అక్షరాలు పాడైపోయేవి, 2022లో వచ్చిన జావా 18 నుంచి అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 దానంతట అదే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లలు మొదటి వారాల్లో ఇలా రాసుకుని, లాజిక్ పట్టు దొరికాక ఇంగ్లిష్ పేర్లకు మారారు. వాళ్లకు అది మంచి మెట్టయింది. ఇంకో సంగతి చూడండి. తిరుపతి అన్న స్ట్రింగ్ పొడవు ఎంత అని జావాని అడిగితే 7 అంటుంది. మనకు కనపడేవి నాలుగక్షరాలు. త, దాని గుడి, ర, దాని కొమ్ము, ప, త, మళ్లీ గుడి, ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది. మీ రికార్డులో ఉన్న స్ట్రింగ్ తిరగేసే ప్రోగ్రాంకి ఈ మాట ఇచ్చి, డీబగ్గర్‌లో ఒక్కో అడుగూ నడిపించి చూడండి. గుడి ముందుకొచ్చి పట్టుకోవడానికి హల్లు లేక ఒంటరిగా నిలబడుతుంది. ఒక మంచి మినీ ప్రాజెక్టు అందులోనే ఉంది.

చివరిగా పరీక్షల సంగతి. సెమిస్టర్ మొత్తం ఎక్లిప్స్‌లో నేర్పి, ఎక్స్‌టర్నల్ రోజు ఇంటర్నెట్ తీసేసి నోట్‌ప్యాడ్ తెరవమనడం అన్యాయం. ఒక కాలేజీలో పరీక్ష రోజు, వేరే ప్యాకేజీలోని క్లాసును తెచ్చుకునే ఇంపోర్ట్ లైన్ గుర్తురాక అరగంట కూర్చుండిపోయిన అమ్మాయిని చూశాను. స్కానర్ ఏ ప్యాకేజీలో ఉంటుందో ఆమె ఎప్పుడూ టైప్ చేయలేదు, ఐడీఈయే చేర్చేది. ప్రోగ్రాం లాజిక్ మొత్తం కాగితం మీద సరిగ్గా రాసింది. ఆమెకు జావా రాదని ఎలా అంటాం? ఏ పనిముట్టుతో నేర్పితే దానితోనే పరీక్ష పెడదాం. మార్కులు వేసేది తెర మీద వచ్చిన అవుట్‌పుట్‌కి కాకుండా, వైవాలో బ్రేక్‌పాయింట్ పెట్టించి ఈ లైన్ తర్వాత ఈ వేరియబుల్‌లో ఏముంటుంది అని అడుగుదాం. కాపీ కొట్టినవాడికి, అర్థం చేసుకున్నవాడికి తేడా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పాత రికార్డు చూసి దించడం కూడా తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థి: మేడమ్, నా లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్. ఏది పెట్టుకోమంటారు?)

బ్లూజేతో మొదలుపెట్టు, హాయిగా నడుస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో జావా ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టుకోవచ్చు, కానీ క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి ఉంచితే అదీ ఆగుతుంది. ఇంటెలిజె ఇప్పుడే వద్దు, ప్రతి అక్షరానికీ ఎదురుచూస్తూ కూర్చుంటే విసుగొచ్చి జావా మీదే కోపం వస్తుంది. ఏది పెట్టుకున్నా బ్రేక్‌పాయింట్ ఎక్కడ పెట్టాలో, ఒక్కో అడుగూ ఎలా నడపాలో మొదటి రోజే నేర్చుకో.

(ఒక విద్యార్థిని: ప్లేస్‌మెంట్ కోడింగ్ రౌండ్లో సజెషన్లు రావంట కదా మేడమ్. ఇప్పటి నుంచే ఐడీఈ మానేయాలా?)

మానేయక్కర్లేదమ్మా. ఎక్లిప్స్ ప్రిఫరెన్సెస్‌లో జావా, ఎడిటర్, కంటెంట్ అసిస్ట్ అని వెళ్తే, చుక్క పెట్టగానే జాబితా రావడాన్ని ఆపేసే టిక్ ఉంటుంది. అది తీసేయి. డీబగ్గర్ నీకు అలాగే ఉంటుంది, సజెషన్లు మాత్రం నువ్వు అడిగితేనే వస్తాయి. వారానికి ఒక ప్రోగ్రాం అలా రాస్తే స్కానర్, అర్రేలిస్ట్, హ్యాష్‌మ్యాప్ ఇంపోర్టులు చేతికి అలవాటైపోతాయి. ఎక్కువగా కావాల్సినవి ఆ మూడే.

(ఒక అధ్యాపకుడు: ఇప్పుడు కోపైలట్ లాంటి ఏఐ సాయాలు ఎడిటర్లోనే మొత్తం ప్రోగ్రాం రాసిస్తున్నాయి. ల్యాబ్‌లో ఆపాలా, ఒప్పుకోవాలా?)

రెండో ఏడాది జావా ల్యాబ్‌లో నేను ఆపుతాను సార్. నేర్చుకునేవాడు మొదటిసారి తప్పు చేసే హక్కును అది తీసేసుకుంటోంది. మూడో ఏడాది ప్రాజెక్టుల్లో ఒప్పుకుంటాను, ఒక షరతుతో. అది రాసిచ్చిన మెథడ్‌లో నేను చెప్పిన లైన్ దగ్గర ప్రోగ్రాం ఆపి, తర్వాతి మూడు లైన్లకు వేరియబుల్స్ ఎలా మారతాయో ముందే కాగితం మీద రాసి చూపించాలి. రాయలేకపోతే ఆ మెథడ్ వాళ్లే మళ్లీ రాయాలి.

మూడు గంటలకు ల్యాబ్‌లో కలుద్దాం. లడ్డూ కౌంటర్ ప్రోగ్రాం స్టాటిక్ ఉన్నదీ లేనిదీ రెండూ మెషీన్లలో పెట్టించాను, బ్లూజే కూడా ఎక్కించి ఉంది. ఇద్దరికి ఒక మెషీన్ చొప్పున కూర్చోండి. ముందు స్టాటిక్ ఉన్నది తెరవండి.